ఒకే మేకుకి రెండు బిళ్ళలు

అరవై ఒకటో ఏట ఫిలొమీనా సముద్రంలో మునగడం నేర్చుకోవాలనుకుంది. దానికి కారణం సముద్రం కాదు, మిరియాల డబ్బా.

ఆ డబ్బా ముప్పై నాలుగేళ్ళుగా పొయ్యికి కుడిపక్కన ఒకే చోట ఉండేది. ఒక ఆదివారం పొద్దున్న గుడ్లు వేయించుకుంటూ అలవాటుగా చెయ్యి చాచి, అందిన డబ్బా తీసుకుని చల్లేసింది. అది దాల్చినచెక్క పొడి. ఆ గుడ్లు కుక్క కూడా వాసన చూసి వదిలేసింది.

"మిరియాలు ఎక్కడ తగలేశావయ్యా?" అని కేకేసింది.

"ఎత్తు ప్రకారం సర్దాను," అన్నాడు ఆమె భర్త ఎమ్మెట్, స్టూలు మీద నిలబడి పై అలమరలో తల దూర్చి. "పొట్టివి ముందు, పొడుగువి వెనక. ఇక దేనికీ ఏదీ అడ్డురాదు."

"నాకు నువ్వే అడ్డొస్తున్నావు!"

ఎమ్మెట్ ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్. ఈమధ్యే పనిలోంచి తప్పుకున్నాడు. ఆదివారం పూట అతను ఇంట్లో ఉండటమనేది పెళ్ళయిన దగ్గర్నుంచి ఎప్పుడూ జరగలేదు. తెల్లారేసరికి గాలి ట్యాంకులు బండిలో వేసుకుని, లైల్ అనే స్నేహితుడితో ఎల్బో కోవ్ అనే చిన్న అఖాతానికి పోయి మునగడం, మధ్యాహ్నానికి నీలం తిరిగిన పెదాలతో ఇంటికొచ్చి, రబ్బరు సూటు పెరట్లో కడుగుతూ ఈల వెయ్యడం. ఇదీ అతని ఆదివారం. ఆ మోంటరే తీరం చుట్టుపక్కల ఇలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు. ముప్పయ్యేళ్ళు ఫ్రిజ్‌లలో తలపెట్టి బతికినవాడికి ఆ నీళ్ళ చలి ఒక లెక్కా అని ఫిలొమీనా అనుకునేది.

అయితే లైల్ తన కూతురి దగ్గరుంటానని అరిజోనా వెళ్ళిపోయాడు. మునగడానికి చెంబెడు నీళ్ళయినా లేని ఎడారి అది. ఎమ్మెట్ ఒంటరివాడైపోయాడు.

ఎల్బో కోవ్‌లో ఒక పద్ధతుంది. ఒడ్డున ఉన్న చెక్క పాక గోడకి ఒక పలక, దాని నిండా మేకులు. మునిగేవాళ్ళందరికీ పేరు చెక్కిన ఇత్తడి బిళ్ళలుంటాయి. నీళ్ళలోకి దిగేముందు ఇద్దరూ తమ బిళ్ళలు ఒకే మేకుకి తగిలించాలి, పైకొచ్చాక తీసుకోవాలి. మేకుకి ఒక్క బిళ్ళే ఉంటే మనిషి ఒడ్డు మీదే ఉండాలి. ఈ నియమాలు పదిహేనేళ్ళ కిందట ఆ పలక మీద కుంచె పట్టుకుని రాసింది ఎవరో కాదు, ఎమ్మెటే. కొత్త జోడీ కోసం వెతికాడు గానీ ఎవరి జోడీ వాళ్ళకుంది. అయినా, కనిపించిన ప్రతి బండ దగ్గరా ఆగి చేపల క్షేమసమాచారాలు కనుక్కునే అరవై నాలుగేళ్ళ మనిషితో ఎవరు దిగుతారు?

అలా ఆరు నెలలు గడిచాయి. అలమరలు అయ్యాయి, చెంచాలు అయ్యాయి, ఆమె కుట్టుపెట్టె అయింది. ఫిలొమీనా ఇరుగుపొరుగుతో, "నా వంటిల్లు నాకు దక్కాలంటే నేనే మునగాలి," అని నవ్వుతూ చెప్పేది. అందులో అబద్ధం లేదు. కానీ అసలు సంగతి ఇంకొకటుంది. ఈ ఆరు నెలల్లో ఎమ్మెట్ ఒక్కసారి కూడా ఈల వెయ్యలేదు. అది ఆమె తట్టుకోలేకపోయింది.

ఆ సముద్రం గురించి అతను చెప్పే కబుర్లని మాత్రం ఆమె ఎప్పుడూ పూర్తిగా నమ్మింది లేదు. మూడడుగుల పొడవున్న లింగ్‌కాడ్ చేప ఒకటి ఒక బండ కింద తొమ్మిదేళ్ళుగా కాపురం ఉంటోందట. ముఖం చిట్లించుకుని అందర్నీ ఎగాదిగా చూస్తుందట. దానికి ఎమ్మెట్ పెట్టిన పేరు లియోపోల్డీనా, అంటే స్వర్గస్థురాలైన తన అత్తగారి, ఫిలొమీనా వాళ్ళమ్మ పేరు. అప్పుడు ఫిలొమీనా రెండు వారాలు మాట్లాడలేదు. పదకొండేళ్ళ కిందట పెళ్ళి ఉంగరం లేకుండా ఇంటికొచ్చి, మాస్కు పట్టీ సరిచేసుకోవడానికి చేతితొడుగు తీస్తే ఉంగరం దాంతోపాటు ఊడిందనీ, ఆ తొడుగుని ఒక ఆక్టోపస్ లాక్కుని బండసందులోకి పోయిందనీ చెప్పాడు. ఆ రోజు నుంచి ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. ఎమ్మెట్ ఏం చెప్పినా సగం కొట్టేయడం. మూడడుగుల చేప అడుగున్నర. తొడుగు పోయింది నిజం, ఆక్టోపస్ కల్పన. సగం కొట్టేస్తే కాపురం సజావుగా సాగుతుందని ఆమె కనిపెట్టింది.

*

నేర్పేది మారిసెలా. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల, నవ్వదు, పలక బాధ్యత కూడా ఆమెదే. మొదటి రోజే ఫిలొమీనాని ఎగాదిగా చూసి, "మిస్ ఫిల్, నన్ను గుర్తుపట్టారా?" అంది.

ఫిలొమీనా ఇరవై ఎనిమిదేళ్ళు స్కూలు బస్సు నడిపింది. ఊళ్ళో సగంమందిని అద్దంలోంచి చూసి పెంచింది. "మారిసెలా! కిటికీలోంచి అరటిపండు విసిరి పోలీసాయన టోపీ పడగొట్టినదానివి."

"ఆ ఏడాదంతా నన్ను మీ వెనక సీట్లోనే కూర్చోబెట్టారు."

"మరి? హారతిచ్చి దించుతారా?"

"ఇప్పుడు మీరు నా బస్సెక్కారు మిస్ ఫిల్," అంది మారిసెలా, మొహంలో ఏమీ కనపడనివ్వకుండా.

తోటి విద్యార్థి ఒక్కడే, కార్విన్ అనే యాభయ్యేళ్ళ పళ్ళ డాక్టరు. ఊళ్ళోవాళ్ళ నోళ్ళలో ఏవేవో పెట్టి కబుర్లు చెప్పే అలవాటున్న మనిషి, తన నోట్లో రబ్బరు గొట్టం పెట్టేసరికి మాటాపలుకూ లేక కళ్ళు తేలేశాడు. ఫిలొమీనాకి అది చూసి కొంత ధైర్యమొచ్చింది.

శనివారం సముద్రంలో మొదటిసారి దిగారు. అది తలచుకోకపోవడమే మంచిది. ముందుగా ఆమె సూటు వెనకదిముందు తొడుక్కుంది. జిప్పు గడ్డం కింద తేలింది. ఇరవై నిమిషాలు చెమటోడ్చి తొడుక్కున్నదాన్ని విప్పడానికి కార్విన్, మారిసెలా చెరో కాలూ పట్టుకుని లాగాల్సి వచ్చింది. తర్వాత నీళ్ళలో చక్కటి నారింజరంగు చేపపిల్లలు కనిపిస్తే సంతోషం పట్టలేక, భలే ఉందన్నట్టు బొటనవేలు పైకెత్తి చూపింది. నీళ్ళలో ఆ సైగకి అర్థం భలే అని కాదు, పైకి పోదాం అని. మారిసెలా ఏమైందోనని అందర్నీ పైకి తీసుకొచ్చింది.

"ఏమైంది మిస్ ఫిల్?"

"ఏం కాలేదు. చేపలు బావున్నాయంటున్నా."

"దానికి బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. పొద్దున్న చెప్పానా లేదా?"

"చెప్పావమ్మా, చెప్పావు."

మళ్ళీ దిగారు. అయిదు నిమిషాల్లో ఒక సముద్రపు నక్షత్రం కనిపించింది. మళ్ళీ బొటనవేలు లేచింది, మళ్ళీ అందరూ పైకొచ్చారు. మూడోసారికి కార్విన్ ఏడుపు మొహం పెట్టాడు.

అంతకన్నా పెద్ద తంటా కెల్ప్. అడుగున రాళ్ళని పట్టుకుని నీటి పైదాకా తాడిచెట్టంత ఎత్తు పెరిగే సముద్రపు తీగ అది. తెడ్లంత ఆకులు, ఆకు మొదట్లో గాలిబుడ్డలు. ఎల్బో కోవ్ అంతా ఆ అడవే. దాంట్లో ఈదేవాళ్ళకి ట్యాంకో కాలో తగులుకోవడం మామూలే, ప్రమాదమేమీ లేదు, ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు.

"కెల్ప్ పట్టుకుంటే ఆగండి," అని మారిసెలా ఒక్కో మాటా ఒత్తి చెప్పింది. "వెనక్కి తిరక్కండి. తిరిగారో, అది మిమ్మల్ని చుట్టేస్తుంది. చెయ్యి వెనక్కి పోనిచ్చి, తడిమి, కాడని మడిచి విరవండి. లాగితే వెయ్యేళ్ళకైనా రాదు. మడిస్తే పుటుక్కుమంటుంది."

చెప్పినంత తేలికా? ఇరవై ఎనిమిదేళ్ళపాటు వెనకనుంచి ఎవరు కోటు లాగినా ఒళ్ళంతా తిప్పి "కూర్చో!" అని గద్దించిన మనిషి ఫిలొమీనా. కెల్ప్ ట్యాంకు పట్టుకోగానే గిర్రున తిరిగింది. ఇంకాస్త లాగేసరికి ఇంకో చుట్టు తిరిగింది. మారిసెలా విడిపించేసరికి మనిషిని మూటకట్టి తూకానికి పెట్టినట్టుంది.

ఒడ్డున మారిసెలా పక్కకి పిలిచింది. "మిస్ ఫిల్, రేపు ఆఖరి పరీక్ష. రేపు గనక వెనక్కి తిరిగినా, అడ్డదిడ్డంగా బొటనవేలెత్తినా మీ సర్టిఫికెట్ మీద నేను సంతకం పెట్టను. మీమీద కక్ష కాదు. ఇకముందు మీరు ఒకళ్ళకి జోడీ అవుతారు. అవతలివాళ్ళ ప్రాణం మీ చేతుల్లో ఉంటుంది. మళ్ళీ తరగతి వసంతంలోనే."

వసంతమంటే ఇంకో అయిదు నెలలు. ఫిలొమీనా దారిపొడుగునా ఆదివారాలు లెక్కేసుకుంది. ఇరవైకి పైనే ఉన్నాయి. వంటింట్లో ఇంక సర్దడానికేమీ మిగల్లేదు, అంటే అతను ఊరికే కిటికీ దగ్గర కూర్చుంటాడు. అది సర్దడంకన్నా ఘోరం.

ఆ సాయంత్రం ఎమ్మెట్ ఆమె సూటు కడిగి ఆరేసి వచ్చి, "నీకిష్టం లేకపోతే మానెయ్ ఫిల్. నాకోసం వద్దు," అన్నాడు.

"నీకోసమని ఎవడు చెప్పాడు? నా మిరియాల డబ్బా కోసం," అంది ఆమె.

*

ఆదివారం పొద్దున్న పొగమంచు ఇంకా నీళ్ళమీదే ఉంది. ఎమ్మెట్ రెండు థర్మాస్‌లు తెచ్చాడు, ఒకదాంట్లో చలి ఆగడానికి సూటులో పోసుకునే వేణ్ణీళ్ళు, ఇంకోదాంట్లో గుల్లల సూపు. ఆ దాల్చినచెక్క నాటినుంచి ఫిలొమీనా వాసన చూడందే దేన్నీ నమ్మడం లేదు. వాసన చూసుకుని మరీ మెడలోంచి వేణ్ణీళ్ళు ఒంపుకుంది.

"మిస్టర్ ఎమ్మెట్, మీ హద్దు ఆ దుంగ," అంది మారిసెలా, ఇసకలో కొట్టుకొచ్చి పడున్న మొద్దుని చూపించి. "మొగుళ్ళూ పెళ్ళాలూ పక్కనుంటే పాఠం సాగదు. అయినా మీరు సూటెందుకు వేసుకున్నారు?"

"చలిగా ఉందని," అన్నాడు ఎమ్మెట్. అతనికి చలేమిటి? ఫిలొమీనా అప్పుడే అనుమానించాల్సింది.

ముగ్గురూ అలలు లెక్కపెడుతూ నిలబడ్డారు. మూడు పెద్దవి విరిగి, నీళ్ళు కాస్త సద్దుమణిగాయి. "పదండి!" అంది మారిసెలా. కదిలారో లేదో దుంగ మీంచి కేకలు మొదలయ్యాయి.

"మోకాళ్ళు వంచు ఫిల్! మాస్కు మీద చెయ్యి పెట్టు! అటు కాదు, రాయుంది, ఎడమకి! నీ ఎడమకి!"

ఫిలొమీనా నడుంలోతు నీళ్ళలో ఆగి, వెనక్కి తిరిగి, తన బస్సు గొంతు విప్పింది. "కూర్చో!"

ఎమ్మెట్ చతికిలబడ్డాడు. ఒడ్డున షికారు చేస్తున్న ఒకాయన కుక్క కూడా కూర్చుంది. మారిసెలా మోకాళ్ళు సైతం వాటంతటవే వంగబోయాయి గానీ, అల వచ్చి ఆమె పరువు కాపాడింది.

కెల్ప్ అంచుదాకా ఈది, ఇసక ఉన్న చోట, తేలడానికి వేసుకున్న చొక్కాల్లోంచి గాలి వదిలి మెల్లగా దిగారు. ఇరవై అడుగుల లోతు. చల్లదనం ముందు నుదుటిని పట్టుకుని, తర్వాత వదిలేసింది. ఫిలొమీనా మాస్కులోకి నీళ్ళు రానిచ్చి ముక్కుతో ఊది పంపేసింది. కార్విన్ నోటిగొట్టం తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. పాఠాలు ఒక్కొక్కటీ అయిపోతున్నాయి. ఎండ పైనుంచి ఆకుల సందుల్లోంచి దిగుతోంది, తీగలన్నీ ఒకేసారి అటు ఒరిగి ఒకేసారి ఇటు ఒరుగుతున్నాయి. తను భయపడటం మర్చిపోయిన సంగతి ఆమెకి కాసేపటికి గానీ తెలియలేదు. భలే అని చెప్పడానికి చెయ్యి లేచింది. ఎత్తిన బొటనవేలుని ఎడంచేత్తో పట్టుకుని వంచి, సున్నా చుట్టింది. మారిసెలా తలూపింది.

సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఎవరో ట్యాంకు పట్టుకుని లాగారు.

ఒళ్ళంతా తిరగబోయింది. మెడ సగం తిరిగింది కూడా. "కూర్చో," అనుకుంది ఫిలొమీనా, ఈసారి తనతోనే. ఆగింది. ఊపిరి తీసింది, వదిలింది. చెయ్యి వెనక్కి పోనిచ్చి తడిమితే జారుడు కాడ ఒకటి దొరికింది. మడిచింది. పుటుక్కుమన్నది చెవికి కాదు, వేళ్ళకి వినిపించింది. కార్విన్ చప్పుడు లేని చప్పట్లు కొట్టాడు. ఆ క్షణాన ఎవరైనా ఆమెకి రాజ్యం ఇస్తానన్నా తీసుకునేది కాదు.

ఆ సంబరంలోనే ఆమె తల పైకెత్తింది. నీటి పైభాగాన రెండు పసుపుపచ్చ రెక్కలు టపటపా కొట్టుకుంటున్నాయి. కాళ్ళకి తొడుక్కునే ఈత రెక్కలు. మొదట సీల్ అనే సముద్రపు జంతువేమో అనుకుంది. కానీ సీల్‌కి మడమ దగ్గర ఎర్ర రబ్బరు ముక్క అతుకు ఎందుకుంటుంది? ఆ అతుకు వేసింది ఆమే, కిందటేడు, వంటింటి బల్ల మీద. చూస్తుండగానే రెక్కలు ఒక చుట్టు తిరిగాయి, ఇంకో చుట్టు తిరిగాయి. ఆకులూ కాడలూ వాటిచుట్టూ దిండులా పేరుకున్నాయి. తర్వాత ఆ రెక్కలు కొట్టుకోవడం ఆగిపోయింది.

ఫిలొమీనా మారిసెలాకి ఎదురుగా ఈది బొటనవేలు పైకెత్తింది.

మారిసెలా మొహం మాస్కులోంచే పాలిపోయింది. అయ్యో మిస్ ఫిల్, ఇంత బాగా చేసి మళ్ళీనా అన్నట్టు చూసింది. చూపుడువేలు అడ్డంగా ఊపి, ఇలా, అని సున్నా చుట్టి చూపించింది.

ఫిలొమీనా మళ్ళీ బొటనవేలెత్తింది. మారిసెలా మళ్ళీ సున్నా చుట్టింది. కార్విన్ కూడా సాయంగా సున్నా చుట్టాడు. ఈసారి ఆమె రెండు బొటనవేళ్ళూ ఎత్తి, నోట్లో గొట్టం ఉండగానే నాలుగు మాటలంది. బుడగలే వచ్చాయి గానీ అవి పిల్లల ముందు అనే మాటలు కావు. చివరికి బస్సులో చెయ్యని పని ఒకటి చేసింది. మారిసెలా గడ్డం పట్టుకుని తల పైకి తిప్పింది.

పైకి రావడం మెల్లగా రావాలి, అది ఇంకో నియమం. తన బుడగల్ని తను దాటకూడదు. ఆ ఇరవై అడుగులూ అలా మెల్లగా రావడం ఫిలొమీనా జీవితంలో చేసిన అన్ని పనుల్లోకీ కష్టమైన పని. అయినా దాటలేదు.

తల బయటికి రాగానే చూస్తే, ఎమ్మెట్ కెల్ప్ మీద వెల్లకిలా పడున్నాడు. కాళ్ళకి, నడుంకి, గాలిగొట్టానికి, మెడకి కూడా కాడలు చుట్టుకున్నాయి. తల మాత్రం నీళ్ళపైనే ఉంది. ఆమెని చూసి చెయ్యి ఊపబోయాడు గానీ చెయ్యి రాలేదు.

"నేను బానే ఉన్నా. ఊరికే ఇటొచ్చా," అన్నాడు.

"ఊరికే వచ్చావా! ఊరికేనా!" అంది ఫిలొమీనా. ప్రాణం లేచొచ్చింది, దాంతోపాటే కోపమూ వచ్చింది.

అతను ఆమె మొహం చూద్దామని ఒళ్ళు తిప్పబోయాడు. ఇంకో చుట్టు పడింది.

"తిరక్కు! ముప్పై నాలుగేళ్ళ అనుభవం! తిరక్కూడదని నీకు తెలీదూ?"

"తెలుసు. నువ్వు కనిపించకపోతే తిరిగి చూశా."

ఆమె చొక్కాలోకి గాలి నింపుకుని, ఒక చేత్తో అతని భుజం పట్టుకుని, ఇంకో చేత్తో కాడలు విరవడం మొదలుపెట్టింది. కాళ్ళవి ఆరు, నడుం దగ్గర మూడు, మెడ దగ్గర ఒకటి. మారిసెలా పక్కనే తేలుతూ, సాయం చెయ్యకుండా, కార్విన్‌ని కూడా చెయ్యనివ్వకుండా చూస్తూ ఉంది. తర్వాత నలుగురూ కెల్ప్ మీదుగా బోర్లా పాకుతూ, ఒడ్డు దగ్గర అలల్లో చేతులూ మోకాళ్ళ మీద దేకుతూ ఇసకలోకొచ్చి పడ్డారు. ఎల్బో కోవ్‌లో దేకడానికి ఎవరూ సిగ్గుపడరు.

"మిస్ ఫిల్," అంది మారిసెలా ఊపిరి తీసుకుంటూ, "నిన్నటినుంచి మీరు బొటనవేలు సరిగ్గా ఎత్తింది ఇదొక్కసారే. ఇలా ఎత్తేవాళ్ళకే నేను సంతకం పెడతాను."

"అరటిపండు సంగతి మాఫీ," అంది ఫిలొమీనా.

పాకలో మారిసెలా కొత్త ఇత్తడి బిళ్ళ ఆమె చేతిలో పెట్టింది. ఎమ్మెట్ మొహం వెలిగిపోయింది. జేబులోంచి తన బిళ్ళ తీసి, పాత మేకు దగ్గరికి నడిచాడు. అది ఆరు నెలలుగా ఖాళీగా ఉంది.

"ఆగండి మిస్టర్ ఎమ్మెట్," అంది మారిసెలా. "నాలుగో నియమం చదవండి."

చదవక్కర్లేదు, అతని చేతిరాతే. జోడీ లేకుండా నీళ్ళలో దిగినవారి బిళ్ళ నాలుగు ఆదివారాలపాటు ఇచ్చేయవలెను. 'వలెను' కింద గీత కూడా గీసుంది.

"రాసిన చెయ్యి విరగా," అన్నాడు ఎమ్మెట్ నీరసంగా. కాసేపు ఆ పలకని చూసి, బిళ్ళ తెచ్చి మారిసెలా చేతిలో పెట్టాడు. ఆ క్షణంలో ఫిలొమీనాకి అతనిమీద ఎంత జాలేసిందో అంత ముద్దొచ్చింది.

"మరి ఈ నాలుగు వారాలూ నేనెవరితో దిగాలి?" అని అడిగింది.

కార్విన్ గొంతు సవరించుకుని, "నాకూ ఎవరూ లేరు," అన్నాడు.

కార్లో ఆమే ముందు నోరు విప్పింది. "అసలెందుకు దిగావు? నీకు బుద్ధుందా?"

"మూడు చోట్ల బుడగలు రావాలి. రెండు చోట్లే వస్తున్నాయి."

"నేను కార్విన్ పక్కనే ఉన్నా. రెండూ కలిసిపోయుంటాయి."

"అది ఇప్పుడు తెలుస్తోంది," అన్నాడు ఎమ్మెట్. "ఆ దుంగ మీద కూర్చున్నప్పుడు తెలీలేదు."

ముప్పై నాలుగేళ్ళు ప్రతి ఆదివారం అతను వచ్చేదాకా తను గడియారం చూస్తూ గడిపిన సంగతి ఆమె ఎప్పుడూ అతనికి చెప్పలేదు. అప్పుడు కూడా చెప్పలేదు. సూపు ఉన్న థర్మాస్ మూత తీసి, వాసన చూసి, అతనికి అందించింది.

*

తర్వాతి ఆదివారం ఇల్లు తలకిందులైంది. ఫిలొమీనా ట్యాంకు బండిలో వేసుకుని వెళ్ళింది, ఎమ్మెట్ గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపాడు. మధ్యాహ్నం ఆమె నీలం తిరిగిన పెదాలతో వచ్చేసరికి, అతను వీధి అరుగు మీదే ఉన్నాడు. గడియారం చేతిలో పట్టుకుని మరీ ఉన్నాడు.

"ఏం చూశావు?" అన్నాడు, ఆమె బండి దిగకముందే.

ఆమె చెప్పులు విడవకుండానే వంటింటి బల్ల దగ్గర కూలబడి చెప్పడం మొదలుపెట్టింది. మాటలు ఒకదాన్నొకటి తోసుకొస్తున్నాయి. "ఆ చదును బండ లేదూ, దాని కింద ఉందయ్యా! అచ్చం మా అమ్మే! నేను ఆలస్యంగా ఇంటికొస్తే ఎలా చూసేదో అలా చూసింది. కింది పెదవి అదే, ఆ చిట్లింపు అదే. నేను అప్రయత్నంగా తల దువ్వుకున్నా. కార్విన్ భయపడి నా వెనక నక్కాడు."

"నేను చెప్పలే?"

"ఎంత పెద్దదనుకున్నావు! ఇదిగో ఇంత!" అని రెండు చేతులూ చాచింది. ఒక చెయ్యి ఫ్రిజ్‌ని తాకింది. "నాలుగడుగులు! అణువంత కూడా తగ్గదు."

ఎమ్మెట్ ముసిముసిగా నవ్వాడు. "పావువంతు తీసెయ్."

"ఎందుకు తియ్యాలి? నా కళ్ళతో చూశా!"

"నీళ్ళలో మాస్కు అద్దంలోంచి ఏది చూసినా పెద్దదిగానే కనపడుతుంది ఫిల్. మారిసెలా చెప్పలేదా? అందరికీ అలాగే. ఒడ్డుకొచ్చి చెప్పేటప్పుడు పావువంతు తీసేసి చెప్పాలి. నాలుగు చూశావా, అయితే మూడు."

"మూడడుగులు," అంది ఫిలొమీనా.

"మూడడుగులే. నేనెప్పుడూ మూడనే కదా చెప్పింది."

ఆమె చాచిన చేతులు మెల్లగా దించింది. అవును, అతను తొమ్మిదేళ్ళుగా మూడనే చెప్పాడు. దానిమీద ఒక్క అంగుళం కూడా ఎప్పుడూ పెంచలేదు. తొమ్మిదేళ్ళుగా ఆమె దాన్ని అడుగున్నర చేసి విన్నది. ఒక్క చేపేనా? ఆకాశమంత వెడల్పున్న చేపల గుంపు, ఈత రెక్క పట్టుకుని ఆడిన సీల్, నీళ్ళలో విన్న తిమింగలం పాట, అన్నీ. పావు తీసేసి నిజం చేసి తెచ్చి బల్ల మీద పెట్టినవాటిని, తను నవ్వుకుంటూ సగానికి నరికి పక్కన పడేసింది. అతని ఎడంచేతి వేలు వంక చూసింది. పదకొండేళ్ళుగా బోసిగా ఉన్న వేలు.

ఎమ్మెట్ ఇదేమీ గమనించలేదు. లేచి, ఆమె తడి సూటు భుజాన వేసుకుని పెరట్లోకి పోతున్నాడు. పొయ్యికి కుడిపక్కన మిరియాల డబ్బా పాత చోటుకి వచ్చేసింది. ఎప్పుడు పెట్టాడో.

గొట్టం విప్పిన చప్పుడు, రబ్బరు మీద నీళ్ళ చప్పుడు, దాని వెనకే సన్నగా ఈల వినిపించింది. ఆరు నెలల తర్వాత మొదటిసారి.

ఫిలొమీనా తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. "ఎమ్మెట్."

"ఊఁ?"

"ఆ ఆక్టోపస్ సంగతి మళ్ళీ చెప్పు. మొదట్నుంచి."

అతను గొట్టం ఆపి తిరిగి చూశాడు. "అది నువ్వు నమ్మవుగా."

"చెప్పు," అంది ఆమె, మెట్టు మీద కూర్చుంటూ. "ఈసారి నేనేం తియ్యను."